రామెన్ తిందామా, తాగుదామా, జుర్రుదామా?

సందేహం: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఈ మధ్య కుటుంబమంతా ఇందిరానగర్‌లోని ఒక జపాన్ హోటల్‌కు వెళ్లాం. లోతైన గిన్నెల నిండా వేడి సూపు, అందులో నూడుల్స్, పైన సగానికి కోసిన గుడ్డు. మా అబ్బాయి ‘రామెన్ తాగుదాం’ అన్నాడు. ‘నూడుల్స్ తింటారు గాని తాగుతారా?’ అని మా మామగారు దిద్దారు. మా ఆవిడ ‘ఇది జుర్రుకోవలసిన వంటకం’ అంది. ఆ మాట పదిమందిలో అనదగింది కాదని మామగారి అభిప్రాయం. వీరిలో ఎవరిది ఒప్పు? ఇంకొకటి: రామెన్, రామెను, రామన్ – ఎలా రాయాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ముందు మీ ఆవిడ మాట గురించి చెప్పాలి. ‘జుర్రు’ మంచి తెలుగు మాట. దానిలో మోటుదనం ఏమీ లేదు. పాత నిఘంటువులు దీన్ని బండి ఱతో ‘జుఱ్ఱు’ అని చూపుతాయి; ఇప్పటి రాతలో ‘జుర్రు’ స్థిరపడింది. ద్రవాన్ని గాని, ద్రవంతో కలిసిన మెత్తటి పదార్థాన్ని గాని గాలితో సహా నోట్లోకి లాక్కోవడం దీని అర్థం. వేసవిలో బంగినపల్లి ముక్కలు కోసుకుని తింటాం. చిన్నరసాన్ని మాత్రం రెండు చేతులా మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు పెట్టి జుర్రుకుంటాం. అక్కడ ‘తిన్నాను’ అన్నా తప్పు పట్టేవారు ఉండరు గాని, ఆ పండుతో నోటికి కలిగిన సంబంధం ఆ మాటలోకి రాదు.

మన భాషలో ఈ క్రియలను నిర్ణయించేది ముఖ్యంగా నోరు చేసే పని. పదార్థం పేరు ఒకటే అయినా క్రియ మారుతుంది. సేమియా పాయసాన్నే చూడండి. పలచగా కాచి గ్లాసులో పోసి ఇస్తే తాగుతాం. చల్లారి గట్టిపడ్డాక చెంచాతో తింటాం. సేమియా పోగులు పాలలో తేలుతున్నప్పుడు గిన్నె అంచు పెదవికి ఆనించి జుర్రుతాం. మీ గిన్నెలో ఉన్నదీ పోగులూ ద్రవమూ కలిసిన వంటకమే కాబట్టి ఇంట్లో మూడు క్రియలు పుట్టాయి.

ఇక తీర్పు. మొత్తం వంటకాన్ని చెప్పేటప్పుడు ‘రామెన్ తిన్నాం’ అనాలి. అక్కడ మీ మామగారిది ఒప్పు. ఆకలి తీర్చే ప్రధానపదార్థం ఏదో దాన్ని బట్టి క్రియ వస్తుంది. చారన్నంలో చారు ఎంత పోసుకున్నా ‘చారన్నం తిన్నాను’ అంటాం. నూడుల్స్ అయ్యాక మిగిలిన ద్రవానికి మీ అబ్బాయి మాట సరిపోతుంది: ‘సూపు తాగుదాం’. పోగులను ద్రవంతో పాటు లాక్కునే ఆ నడిమి పనికి ‘జుర్రు’ను మించిన మాట లేదు.

జపాన్ భాషలోనూ ఇదే విభజన ఉంది. రామెన్‌కు వాళ్లు వాడే క్రియ ‘తబేరు’, అంటే తిను. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూపుకు ‘నొము’, అంటే తాగు. నూడుల్స్‌ను చప్పుడుతో లాక్కోవడానికి ‘సుసురు’ అని వేరే క్రియ ఉంది. ఆ చప్పుడును అనుకరించే మాట ‘జురుజురు’. మన ‘జుర్రు’లో మొదటి అక్షరాన్ని ‘జుట్టు’లో లాగా దంత్యంగా పలుకుతాం, జపాన్ వారి పలుకు దానికి చాలా దగ్గర. రెండు భాషలకూ చుట్టరికం ఉందని దీన్ని బట్టి అనుకోకూడదు. ఒకే పని చేసే నోటి నుంచి వెలువడిన ఒకే చప్పుడును రెండు జాతులూ విన్నాయి, అంతే.

మర్యాద సంగతికి వస్తే, జపాన్‌లో రామెన్ దగ్గర ఆ చప్పుడు తప్పు కాదు. పొగలు కక్కే పోగులను గాలితో కలిపి లాగితే నాలుక కాలదు, సూపు వాసన ముక్కుకు చేరుతుంది. తాపీగా కూర్చుంటే పోగులు నానిపోతాయి. ఆ పోగుల పిండిని కాన్‌సుయి అనే క్షారపు నీటితో కలుపుతారు. అందువల్లనే వాటికి ఆ సాగుడు, జారుడు, లేత పసుపు రంగు. జారే పోగును పుల్లలతో పట్టి నోటికి అందించాక ఇక లాక్కోవలసిందే. అయినా మీ మామగారి అభ్యంతరంలో ఒక న్యాయం ఉంది. ‘జుర్రుకున్నాం’ అని మన గురించి చెప్పుకోవచ్చు, పిల్లలను ‘జుర్రుకో’ అనవచ్చు. ఇంటికి వచ్చిన పెద్దవారిని ‘జుర్రండి’ అనం. అక్కడ ‘తీసుకోండి’ అనాలి. కొంత పాతకాలపు ఇళ్లలో ‘పుచ్చుకోండి’ ఇప్పటికీ వినిపిస్తుంది, వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది.

మన పెద్దలు ఆహారాన్ని భక్ష్యం, భోజ్యం, లేహ్యం, చోష్యం, పానీయం అని ఐదు విధాలుగా చెప్పారు. వీటిలో నాకేది లేహ్యం, పీల్చేది చోష్యం. లేహ్యం ఆయుర్వేద మందుల సీసా మీద మిగిలింది. చోష్యం పూర్తిగా మరుగున పడింది. రామెన్ పోగులు చోష్యాలు, సూపు పానీయం. మాటలు పోయినా తెలుగు క్రియలు మాత్రం మన దగ్గరే ఉన్నాయి. ఎముకను చీకుతాం, బిళ్లను చప్పరిస్తాం, తేనెను నాకుతాం, చెరకు ముక్కను నమిలి పిప్పి ఊసేస్తాం, ఆవకాయ బద్దను నంజుకుంటాం. పంది ఎముకల సూపుతో చేసే టొంకొట్సు రామెన్ మీద ఊరవేసిన ఎర్ర అల్లం కొంచెం వేస్తారు. దాన్ని ముద్దముద్దకూ కాస్త అందుకోవడం అచ్చంగా నంజుకోవడమే. బెంగళూరులో పెరిగే మన పిల్లలు వీటన్నిటికీ ‘తిను’, ‘తాగు’ అనే రెండు మాటలతో సరిపెట్టడం వింటుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. భోజనం దగ్గర వినని క్రియను పిల్లలు మరెక్కడా నేర్చుకోలేరు.

మీ అబ్బాయి ‘తాగుదాం’ అనడానికి ఇరుగుపొరుగు భాషలు కారణమేమో అని కొందరికి తోచవచ్చు. కాఫీని కూడా ‘సాప్పిడు’ అనే అలవాటు వాడుక తమిళంలో ఉంది. అయితే అది తినే మాటను తాగే వాటికి చాచడం, మీ అబ్బాయిది దానికి ఎదురు. కన్నడ, తమిళాల్లో తాగడానికి ‘కుడి’ అంటారు. దానికి తోబుట్టువైన ‘కుడుచు’ పాత తెలుగులో తినడానికీ తాగడానికీ రెంటికీ చెల్లింది. దూడ పాలు కుడుస్తుంది, పశువులకు కుడితి పెడతాం. ఈ రెండూ ఆ మాట ఆనవాళ్లే.

మరి సూపును ‘చారు’ అనవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. నేను అనను. చారు అనగానే చింతపండు, మిరియాలు, పోపు గుర్తుకొస్తాయి. ‘పులుసు’లో పులుపు పేరులోనే ఉంది. ఫుకువోకాలోని హకాటా ప్రాంతానికి పేరు తెచ్చిన టొంకొట్సు సూపు పంది ఎముకలను గంటల తరబడి తెర్లించగా పాలలా తెల్లబడిన ద్రవం. ‘ఎముకల సూపు’ అంటే చాలు. మేకకాళ్లతో పాయా కాచుకునే తెలుగువారికి అది కొత్త కూడా కాదు. సంస్కృతంలోని ‘సూపం’ పప్పుకు, వ్యంజనానికి పేరు. వంటవాడిని సూపకారుడు అన్నది అందుకే. మన ‘సూపు’ దాని నుంచి వచ్చింది కాదు, ఇంగ్లీషు ద్వారా వచ్చినది.

చివరగా రాత. జపాన్ పలుకులో మొదటి అచ్చు దీర్ఘం, రెండోది ఎకారం, కాబట్టి ‘రామెన్’. ‘రామన్’ అంటే మీ ఊళ్లోనే పరిశోధనాలయం నెలకొల్పిన శాస్త్రవేత్త పేరవుతుంది, అది వద్దు. ‘స్టేషన్’, ‘స్టేషను’ రెండూ చెల్లినట్టు ‘రామెను’ కూడా తప్పు కాదు. ‘పెన్ను’లో లాగా ‘రామెన్ను’ అని ద్విత్వం మాత్రం చేయకండి; పొట్టి మాటలకు వచ్చే ఆ ద్విత్వం ఇక్కడ ఇమడదు. ‘రామెన్‌ను తిన్నాను’ అని ద్వితీయా విభక్తి తగిలించనక్కర లేదు, ‘రామెన్ తిన్నాను’ అంటే చాలు. అన్నం తిన్నాను అంటాం గాని అన్నాన్ని తిన్నాను అని మామూలుగా అనం గదా. బహువచనానికి ‘రామెన్లు’ అనే బదులు ‘మూడు గిన్నెల రామెన్’ అని అడగండి.