వంతెన మీద ముగ్గురు మనుషులు

ప్రశ్న: మా అమ్మమ్మగారిది బందరు. ఆవిడ దగ్గర నుంచి మాకు వచ్చిన నీలిరంగు బొమ్మల పింగాణీ పళ్లెం మీద ఒక వంతెన, దానిపై ముగ్గురు మనుషులు, పైన ఎదురెదురుగా ఎగిరే రెండు పిట్టలు ఉన్నాయి. పాత సామాను కొనే ఒకాయన దానిని చూసి, మూడు వందల ఏళ్లనాటి చైనా సరుకని చెప్పారు. మా అబ్బాయి అమెరికా తీసుకువెళతానంటున్నాడు. అది నిజంగా అంత పాతదేనా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీరు వర్ణించిన బొమ్మే ఆ మాటకు అడ్డు వస్తోంది. వంతెన మీద ముగ్గురు, పైన జంట పిట్టలు ఉండే ఈ ‘విల్లో’ నమూనా, చైనా సరుకుకు ఉన్న గిరాకీని చూసి 1790 ప్రాంతంలో ఇంగ్లండులో కల్పించినది. బందరులో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో వర్తకం మొదలుపెట్టారు కనుక అక్కడి పాత ఇళ్లలో చైనా పింగాణీ కనిపిస్తే వింత లేదు గాని, ఇంగ్లీషు పళ్లెం దొరికినా అంతే, వింత లేదు.

తేల్చుకోవడానికి ఒక భూతద్దం చాలు. చైనాలోని జింగ్‌డెజెన్‌లో పనివారు కోబాల్టు రంగును కుంచెతో పచ్చి పాత్ర మీదనే పూసి, పైన గాజుపూత వేసి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాల్చేవారు. అందుకే ఒకే ఆకులో రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలుచగా పారి ఉంటుంది, ఏ రెండు ఆకులూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఇంగ్లీషువారు రాగిరేకు మీద చెక్కిన బొమ్మను పలుచని కాగితంపైకి ఎత్తి, ఆ కాగితాన్ని పాత్రకు అంటించేవారు. అప్పుడు నీడలు సన్నని గీతలుగా, చుక్కలుగా కనిపిస్తాయి; అంచు చుట్టూ ఉన్న నగిషీ ఎక్కడో ఒకచోట సరిగా కలవక అతుకు బయటపడుతుంది. ముందుగా ఆ అతుకునే వెతకండి. నా అనుభవంలో అది దొరికితే ఇక వాదన ఉండదు.

తర్వాత పళ్లేన్ని బోర్లించండి. చైనా పళ్లెం అడుగున ఉండే కట్టుకు సాధారణంగా గాజుపూత ఉండదు, తాకితే గరుకుగా ఉంటుంది. పగుళ్లు లేకుంటే, గోటితో కొట్టినప్పుడు ఖంగుమంటుంది. అడుగున చైనా అక్షరాలు ఉన్నా వాటిని చూసి మురిసిపోకండి. కాంగ్షీ చక్రవర్తి కాలంలో (1662–1722) చేసిన పాత్రల మీదనే, అంతకు రెండు శతాబ్దాల ముందటి చెంగ్‌హువా చక్రవర్తి ముద్ర వేసిన సందర్భాలు కోకొల్లలు.

ఇక మీ అబ్బాయి సంగతి. మన 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కావచ్చు. అలాంటిదాన్ని దేశం దాటించడం నేరం. పెట్టెలో సర్దకముందే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు పళ్లేన్ని చూపించి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోమనండి.