దుప్పటి కప్పి ఫోన్ చూపించకండి

"మా అమ్మకు 78 ఏళ్లు. పక్షవాతంతో కుడివైపు చచ్చుబడింది. మేడ్చల్ దాటాక ఒక వృద్ధాశ్రమంలో ఉంచాం. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య నెలకు 38 వేలు కడతాడు. రాత్రిపూట 16 మందికి ఒక్కతే ఆయా. అమ్మకు నడుము కింద పుండు పడింది. నిలదీసి నాలుగు మాటలంటే ఆ ఆయా మర్నాడే మానేసింది. అన్నయ్య తట్టుకోలేడని వీడియో కాల్‌కు ముందు అమ్మకు దుప్పటి కప్పేస్తున్నాను. ఆశ్రమం మార్చాలా, కేసు పెట్టాలా?"
– ఒక సోదరి, హనుమకొండ

ముందు పుండు సంగతి చూడండమ్మా. ఇవాళే డాక్టరుకు చూపించండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఆశ్రమం మార్చడం గురించి నేనేమీ చెప్పను. కొత్తచోటా రాత్రి ఒక్క ఆయానే ఉంటే మార్చి లాభమేముంది? మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మా అత్తగారు మంచం పట్టిన పదకొండు నెలల్లో ఆ పని నేనూ చేశాను. ఒక్కదాన్నే తిప్పబోతే ఆవిడ వీపు పరుపుకు రాసుకుపోయి ఎర్రగా కమిలేది. కింద దుప్పటి పరిచి, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఎత్తి తిప్పాలని మాకు నేర్పింది ఒక ఆయానే.

మీ ఆశ్రమంలో మంచాన ఉన్నవాళ్లు ఎనిమిది మందే అనుకుందాం. డైపర్ మార్చి పక్క తిప్పడానికి మనిషికి పది నిమిషాలు. ఎనభై నిమిషాలు అక్కడే అయిపోతాయి. కాసేపటికి మళ్లీ మొదటి మంచం దగ్గరికి రావాలి. ఈలోగా మిగతా ఎనిమిది మందిని బాత్రూంకు ఎవరు పట్టుకెళ్తారు? మీరు తిట్టింది ఈ పనంతా ఒంటరిగా మోస్తున్న మనిషిని. నర్సింగ్ చదివిన పిల్లలు పెద్దాసుపత్రులకో, గల్ఫ్‌కో పోతున్నారు. ఆయాలకు వచ్చే జీతం ఎక్కడైనా వస్తుంది, అదీ తిట్లు లేకుండా. ఇక ఎవరుంటారు?

కేసు అంటారా, వృద్ధుల సహాయవాణి ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేసి ఆశ్రమం సంగతి చెప్పండి, తప్పులేదు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం తెచ్చిన 2007 నాటి చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి దగ్గరుండే ట్రిబ్యునల్ మాత్రం పిల్లలు చూడకపోతే తల్లిదండ్రులు వెళ్లే చోటు. అక్కడ జవాబు చెప్పాల్సింది మీరూ మీ అన్నయ్యే. ఆ చట్టంలో పిల్లలంటే కొడుకూ, కూతురూ ఇద్దరూ.

అసలు చిక్కంతా మీ ఇద్దరి మధ్యే ఉంది. మీ ఉత్తరంలో అన్నయ్య ఏమనుకుంటాడో ఉంది, అమ్మ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. డబ్బు ఆయన కడుతున్నాడు కాబట్టి మీరు లెక్క అప్పజెప్పే గుమస్తా అయిపోయారు. అన్నయ్యంటే గౌరవం ఉండాలి, కాదనను. కానీ తల్లి ఒంటిమీది పుండును కొడుక్కి కనపడకుండా కప్పడం గౌరవం కాదు, భయం. ఇంట్లో ఎందుకు పెట్టుకోలేదని మిమ్మల్ని అడగను, ఎవరింటి పరిస్థితి వాళ్లది. ఈ భయాన్ని మాత్రం ఒప్పుకోలేను.

ఆయనకు అర్థం కాదనుకోకండి. ఆయనున్న అమెరికాలోనే, ఇలాంటి కేంద్రాల్లో ఒక్కొక్కరికీ రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ అందాలని 2024లో నిబంధన పెట్టారు. మనుషులు దొరకరంటూ యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2025లో దాన్ని కొట్టేసింది మీ అన్నయ్య ఉండే టెక్సస్ రాష్ట్రంలోని ఫెడరల్ కోర్టే. డల్లాస్‌లో ఉన్నవాడికి ఈ కొరత కొత్తేం కాదు.

ఈ ఆదివారం ఫోన్‌లో దుప్పటి తీసి చూపించండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ఆమె ఆయనకూ అమ్మే. రాత్రికి ఇంకో ఆయాను పెట్టించాలని, పక్క మంచాల వాళ్ల పిల్లలతోనూ మాట్లాడి ఖర్చు పంచుకుందామని చెప్పండి. ఆయనిచ్చేది ఆయనిస్తాడు, మీ వాటా మీరూ వేయండి. అప్పుడు మీ మాటకూ బలం ఉంటుంది.

మానేసిన ఆయా నంబరు ఆశ్రమంలో దొరుకుతుంది. మీరే ఫోన్ చేసి, తప్పయిందని చెప్పి, రమ్మని అడగండి. మీ అమ్మ ఏ పక్కకు తిప్పితే మూలుగుతుందో ఆవిడకు తెలుసు.