కోత రోజు దాటనివ్వకు

బుజ్జీ,

కర్నూలులో మీ ఇంట్లో పుట్టగొడుగులు పెంచబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఎంత మురిసిపోయానో! ఫోన్ పెట్టాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. చిన్నప్పటి నుంచి నీకు ఆయాసం కదా తల్లీ.

వరిగడ్డిని రెండంగుళాల ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టు. పొద్దున గంటసేపు వేడినీళ్లలో ఉంచి ఆరబెట్టు. పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి, చుక్క రాలకూడదు. బాగా చల్లారాకే సంచుల్లో నింపుతూ పుట్టగొడుగు విత్తనం వెయ్యి, వేడికి అది చచ్చిపోతుంది. విత్తనం తెల్లని బూజులా గడ్డంతా అల్లుకునే దాకా 15, 20 రోజులు సంచులు చీకట్లో ఉండాలి. పచ్చ బూజు పట్టిన సంచిని ఇంట్లో విప్పకుండా బయట పారెయ్యి. చిప్ప పుట్టగొడుగులకు 20 నుంచి 30 డిగ్రీలు చాలు కాబట్టి చలికాలంలోనే మొదలుపెట్టు. మన ఎండలకు తట్టుకునేవి పాల పుట్టగొడుగులు. అవి తర్వాత నేర్చుకుందువు.

ఇక నేను చేసిన తప్పు విను. మొదటిసారి ఎనిమిది సంచులు మేం పడుకునే గదిలోనే వేలాడదీశాను. గుత్తులు గుత్తులుగా వచ్చాయి. కొయ్యాల్సిన రోజు కొయ్యలేదు. ఆదివారం ధర్మవరం నుంచి మా ఆడబిడ్డ వస్తుంది, ఆమెకు చూపించాలని నా ఆశ. మూడు రోజుల్లో అంచులు పైకి తిరిగిపోయాయి. కింద ట్రంకుపెట్టె మీద తెల్లటి పొడి పడితే గోడ సున్నమనుకుని తుడిచేశాను. మీ పెదనాన్నకు రాత్రంతా దగ్గు. చలికేమోనని మిరియాల కషాయం ఇచ్చి, ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేశాను. మరుసటి రాత్రి ఆయన ఊపిరాడక లేచి కూర్చున్నాడు. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. ఇంట్లో ఏం పెంచుతున్నారని డాక్టరు అడిగాకే తెలిసింది, ఆ పొడి ముదిరిన పుట్టగొడుగుల నుంచి రాలిందని, ఆయాసం దానివల్లేనని. సంచులు తీసేశాక నాలుగు రోజుల్లో కోలుకున్నాడు. ఆ కిటికీ మూసింది నా చెయ్యే, బుజ్జీ. ఇప్పటికీ మర్చిపోలేను.

పడకగదిలో పెట్టావని తెలిస్తే నేనే బస్సెక్కి వచ్చి సంచులు పీకేస్తాను, చెప్తున్నా! మేడమీది గదిలో పెట్టు. మాస్కు లేకుండా లోపలికి వెళ్లకు. అంచులు కిందికి వంగి ఉండగానే, ఎవరొచ్చినా రాకపోయినా, మెలితిప్పి కోసెయ్యి. ఇన్‌హేలర్ ఎక్కడుందో అమ్మకు చెప్పి ఉంచు.

మొదటి కోత రోజు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. పుట్టగొడుగుల కూరంటే మీ పెదనాన్న ఇప్పటికీ జొన్నరొట్టె ఇంకొకటి అడుగుతాడు.

మీ పెద్దమ్మ,
అనంతపురం