డ్రిల్ మెషిన్ కొనేముందు చక్ పట్టుకుని ఊపి చూడండి

"ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుంటున్నాను. పదివేలలోపు మంచి డ్రిల్ ప్రెస్ ఏది?" అని ఒకరు అడిగారు. డ్రిల్ ప్రెస్ అంటే ఒకచోట నిలబెట్టి, హ్యాండిల్ తిప్పి బిట్టుని నిటారుగా కిందికి దింపి హోల్ వేసే మెషిన్.

కంపెనీ పేరు చెప్పను. ఈ రేటులో వచ్చేవి చాలావరకు ఒకే మూసలో పోసి, రంగులూ స్టిక్కర్లూ మార్చినవే అని నా గట్టి నమ్మకం. నన్నడిగితే బరువు చూసి కొనండి. ఒక్క మనిషి చంకన పెట్టుకుని నడిచిపోగలిగితే దాన్ని నేను డ్రిల్ ప్రెస్ అనను. అదే డబ్బుకి పోత ఇనుము బాడీ, ఇండక్షన్ మోటారు ఉన్న సెకండ్ హ్యాండ్ బెంచ్ డ్రిల్ (బల్ల మీద పెట్టే డ్రిల్ ప్రెస్) వెతుక్కోవచ్చు.

నాది బాలానగర్‌లో ఖాళీ చేస్తున్న ఒక షెడ్డులో దొరికింది. 13 ఎంఎం చక్ (బిట్టుని బిగించే పట్టు), అర హెచ్‌పీ మోటారు. బెల్టు పగుళ్లు బారింది, రంగు ఎప్పుడో పోయింది. అవేవీ నేను పట్టించుకోలేదు. హ్యాండిల్ తిప్పి స్పిండిల్‌ని, అంటే చక్‌ని తిప్పే ఇరుసుని, పూర్తిగా కిందికి దింపి, చక్‌ని గుప్పిట్లో పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపాను. అరిగిపోయిన మెషినైతే ఇక్కడే టక్ టక్‌మని దొరికిపోతుంది. తర్వాత జేబులో తెచ్చుకున్న నున్నటి 8 ఎంఎం రాడ్డు ముక్కని చక్‌లో బిగించి, పక్కన స్టీలు స్కేలు నిలబెట్టి, పుల్లీని చేత్తో మెల్లగా తిప్పాను. రాడ్డుకీ స్కేలుకీ మధ్య సన్నటి వెలుతురు గీత కనిపిస్తుంది. అది లావెక్కుతూ సన్నబడుతూ ఉంటే చక్కో స్పిండిలో వంకరన్నమాట. నేను వంగి ఒంటికన్నుతో చూస్తుంటే షెడ్డు ఓనరు పెద్దాయన, "ఏం బాబూ, మెషిన్ కొంటావా, పెళ్లిచూపులు చూస్తావా?" అన్నారు. "రెండూ ఒకటేనండీ, తర్వాత మార్చుకోలేం కదా" అన్నాను. గీత కదల్లేదు. 9,500కి బేరం తెగింది. ఆయన రేటు దించలేదు గానీ మెషిన్ వైస్ (హోల్ వేసే ముక్కని కదలకుండా బిగించేది) ఒకటి ఊరికే ఇచ్చారు. ఇద్దరం పడితే గానీ ట్రాలీ ఆటో ఎక్కలేదు.

కొత్తవాళ్లు వాట్లు చూసి మురిసిపోతారు. ఇనుముకి కావాల్సింది తక్కువ స్పీడు. మామూలు హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టుతో మైల్డ్ స్టీల్లో 10 ఎంఎం హోల్ వేయాలంటే నిమిషానికి 800 చుట్లు చాలు, 3 ఎంఎంకైతే 2,500 దాకా పర్వాలేదు. బెల్టుని ఏ పుల్లీ మెట్టు మీదికి మార్చినా 1,400 కంటే దిగని మెషిన్ మీద పెద్ద బిట్లు కాలి నీలంగా మారి మొద్దుబారిపోతాయి.

హ్యాండ్ డ్రిల్ బిగించే స్టాండు సంగతి కూడా అడుగుతారని తెలుసు. మా బావమరిది దగ్గర ఉంది. బిట్టు ఇనుముకి తగలగానే స్టాండు వెనక్కి వంగుతుంది, బెజ్జం కోలగా వస్తుంది. ఆయన మాత్రం బాగానే ఉందంటాడు, డబ్బులు పెట్టాడుగా.

ఆన్‌లైన్ రివ్యూల మాట ఎత్తకండి. డబ్బా విప్పిన సాయంత్రమే, ఒక్క హోలూ వేయకుండా ఐదు స్టార్లు ఇచ్చేవాళ్లే సగం. యాడ్ ఫోటోలు ఇంకా ఘోరం, తిరిగే చక్ పక్కన గ్లవ్స్ వేసుకున్న చెయ్యి! గ్లవ్ బిట్టుకి చుట్టుకుంటే చెయ్యి కూడా దాంతోపాటే పోతుంది. రేకుని చేత్తో పట్టుకుని హోల్ వేయడమూ అంతే. బిట్టు అవతలికి దిగేటప్పుడు రేకుని లాక్కుని గిర్రున తిప్పేస్తుంది. అందుకే మీ పదివేలలోనే వైస్‌కీ, రెండు క్లాంపులకీ కొంత పక్కన పెట్టుకోండి.

లేదు, కొత్తదే కావాలంటారా, కొట్టుకి వెళ్లి కొనండి. స్పిండిల్ దింపి చక్ ఊపి చూస్తానంటే ఒప్పుకోని కొట్టయితే పక్క కొట్టుకి వెళ్లండి.