నిండిపోయిన అట్టముక్క

ఆఫీసు పని మీద ఊరెళ్లినప్పుడు బస్సు ఛార్జీకి 20 రూపాయలు కలిపి బిల్లు పెట్టడంతో మొదలైందని, మూడేళ్లలో అది దొంగ లాడ్జి రసీదుల దాకా వచ్చిందని, ఇక బయటపడే దారి ఉందా అని మీరు అడిగారు. నేను ఆ దారిన నడిచినవాణ్నే కాబట్టి రాస్తున్నాను.

కర్నూలు పాతబస్తీలో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తాగా ఉండేవాణ్ని. గల్లాపెట్టె పక్కనే నా బల్ల. మొదటిసారి తీసింది టీకి 5 రూపాయలు. సబ్బుపెట్టె అట్టముక్క మీద రాసుకున్నాను, జీతం రాగానే వేసేద్దామని. రెండు నెలలు వేశాను కూడా. తర్వాత అట్ట నిండింది. ఇంకో అట్ట తీసుకోలేదు. నా లెక్కలో దొంగతనం ఆ రోజు మొదలైంది.

అక్కడినుంచి హమాలీల కూలి డబ్బు దాకా వెళ్లాను. ఆరుగురు సరుకు దింపితే ఎనిమిది మందని రాసేవాణ్ని. జీతం పెంచలేదు, పండక్కి బట్టలు పెట్టలేదు అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. (పెట్టారు. నాకు రంగు నచ్చలేదు.)

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డాయి. నీళ్లు తీశాక షట్టరు ఎత్తితే మోకాలి లోతు బురద, ఉబ్బి పగిలిన కందిపప్పు బస్తాలు, ఊపిరాడని కుళ్లు వాసన. లెక్కల పుస్తకం ఒకటి విప్పబోతే కాగితాలన్నీ ముద్దగా ఊడివచ్చి, సిరా నీలంగా వేళ్లకు అంటింది. నా ఎనిమిది మంది హమాలీలూ అందులోనే కరిగిపోయారు. ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ముందు సంతోషమే కలిగింది. పక్కనే పంచె ఎగగట్టి బురద ఎత్తుతున్న యజమాని, అరవై దాటిన మనిషి, "మీ ఇంట్లోకి ఎంత నీళ్లొచ్చాయి నాయనా?" అని అడిగారు.

ఆ రోజు చెప్పలేదు. పదిహేను రోజులు పట్టింది. ఆయన తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. కొత్తగా కొన్న ఖాతా పుస్తకం నా ముందుకు తోసి, "నీ పేరున నువ్వే రాయి" అన్నారు. ఎంతని రాయాలో తెలియక గంటసేపు కూర్చున్నాను. చివరికి 14,000 వేశాను. నెలకు 500 చొప్పున 28 నెలలు జీతంలో పట్టుకున్నారు. బాకీ తీరినా గల్లా తాళంచెవి మాత్రం మళ్లీ నా చేతికి రాలేదు. అప్పట్లో కుమిలిపోయాను. ఇప్పుడు నాకూ ఒక చిన్న దుకాణం ఉంది. నేనైనా ఇచ్చేవాణ్ని కాదు.

మీ ఉద్యోగం పోవచ్చు, పోదని నేను మాట ఇవ్వలేను. ఎవరితో ఎలా చెప్పాలో ముందు తెలిసిన లాయరును అడగండి. అది రేపటి పని. ఈ రాత్రికి ఒక కాగితం తీసుకుని ఏ నెల ఎంతో రాయండి. గుర్తురాని చోట ఎక్కువే వేయండి. నా 14,000లో 4,000 అలా వేసినవే.