భూకంపాల చదువు చదివితే ఉద్యోగం వస్తుందా? ఖమ్మం నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ థర్డ్ ఇయర్. 2024 డిసెంబర్‌లో ములుగు భూకంపానికి మా అపార్ట్‌మెంట్ కూడా ఊగింది, అప్పట్నుంచి ఎర్త్‌క్వేక్ ఇంజినీరింగే చేస్తానంటోంది. మన దగ్గర భూకంపాలే అరుదు కదా, ఉద్యోగం ఎవరిస్తారు? జియోసైంటిస్ట్ పరీక్ష రాయమని ఎవరో చెప్పారు, రాయొచ్చా? ఆడపిల్ల ఎండలో సైట్ల వెంట తిరగాలా?

జవాబు: ముందు ఉద్యోగం సంగతి చెప్పేస్తానండి, మీ భయం అంతా అక్కడే ఉంది కాబట్టి. భూకంప ఇంజినీర్ కావలెను అని పేరు పెట్టి ఇచ్చే ప్రకటనలు మన దేశంలో చాలా తక్కువ, అది నిజమే. కానీ ఆ పని మాత్రం జియోటెక్నికల్ ఇంజినీర్ (నేల, పునాదుల పని చూసేవాళ్ళు), స్ట్రక్చరల్ ఇంజినీర్ (కట్టడాల డిజైన్ చూసేవాళ్ళు) అనే పేర్లతో నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే డ్యామ్ అయినా మెట్రో అయినా అణు విద్యుత్ కేంద్రమైనా కట్టేముందు కింద నేల ఊగితే ఏమవుతుందో ఎవరో ఒకరు లెక్క కట్టి ఇవ్వాల్సిందే. కాబట్టి అమ్మాయిని జియోటెక్‌లో గట్టిగా నిలబడమనండి, భూకంపం స్పెషలైజేషన్ దాని మీద ఉండాలి. అది ఒక్కటే పట్టుకుని జియోటెక్ వదిలేస్తే మాత్రం ఇబ్బంది పడుతుంది.

మన దగ్గర అరుదు అన్నారు కదా, అక్కడే అసలు విషయం ఉంది, నష్టం జరగాలంటే భూకంపం మన ఊరి దగ్గరే పుట్టక్కర్లేదు. 1985లో మెక్సికో సిటీలో వేలమంది చనిపోయారు, కానీ భూకంపం పుట్టింది ఆ ఊరికి 350 కిలోమీటర్ల పైన దూరంలో. ఊరిలో చాలా భాగం పాత సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి బంకమట్టి మీద ఉంది, గట్టి నేల మీదున్న యూనివర్సిటీ వైపు కంటే ఆ మట్టి మీద నేల త్వరణం, అంటే ఊపు జోరు, నాలుగైదు రెట్లు ఎక్కువ నమోదైంది. 2001లో భుజ్ దగ్గర వస్తే 200 కిలోమీటర్ల అవతల అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. 2025 మార్చిలో మయన్మార్‌లో వచ్చినది వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యాంకాక్ దాకా వెళ్ళింది, ఆ ఊరి కిందా మెత్తటి మట్టే. కట్టడంలో లోపాలు కూడా కారణమే అనుకోండి, కానీ ఊపు ఎంత అన్నది చాలావరకు నేల చెప్తుంది.

మీ అమ్మాయి చేయబోయే లెక్క ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తా. గట్టి రాయి మీద 30 మీటర్ల మందం మట్టి ఉందనుకోండి, అందులో షియర్ వేవ్, అంటే నేలని పక్కకి ఊపే అల, సెకనుకి 200 మీటర్లు పోతోంది. మందాన్ని నాలుగుతో గుణించి వేగంతో భాగిస్తే 0.6 సెకన్లు, అది ఆ నేల సహజంగా ఊగే సమయం. బిల్డింగ్‌కి మోటుగా అంతస్తుకి 0.1 సెకను వేసుకుంటారు, అంటే ఆరంతస్తుల బిల్డింగ్ సరిగ్గా నేలతో కలిసి ఇంకా ఎక్కువగా ఊగుతుంది, పక్కనే ఉన్న రెండంతస్తుల ఇల్లు అంత ఊగకపోవచ్చు. దేశాన్ని భూకంప ప్రమాదాన్ని బట్టి విడదీసే జోన్ మ్యాప్ ఇది చెప్పదు, పెద్ద పెద్ద ప్రాంతాలకి ఒకే రంగు వేస్తుంది. భూకంపాలకి తట్టుకునేలా కట్టే నియమాల 2016 కోడ్‌లో హైదరాబాద్ జోన్ 2, విజయవాడ జోన్ 3, అంతే. కానీ హైదరాబాద్‌లోనే గ్రానైట్ మీదున్న కాలనీ, చెరువు పూడ్చి కట్టిన కాలనీ ఒకటెలా అవుతాయి? విజయవాడ కింద కృష్ణ తెచ్చిన ఒండ్రు ఉంది, నీళ్ళు నిండిన వదులు ఇసుక అయితే ఊపుకి బురదలా మారే ప్రమాదం కూడా చూడాలి. ఇలా వీధి వీధికీ తేల్చడాన్నే మైక్రోజోనేషన్ అంటారు, ఢిల్లీకి చేశారు, మన ఊళ్ళకి ఎంతో చేయాల్సి ఉంది, అందుకే ఈ పిల్ల ఆసక్తిని ఆపకండి అని నా మాట.

సైట్ పని ఉంటుందండి, దాచను. బోరు వేయించి నేల ఎంత గట్టిదో తెలియడానికి 63.5 కిలోల సుత్తి దెబ్బలు లెక్కపెట్టడం, నేల మీద జియోఫోన్లు (నేల కదలిక పట్టే పరికరాలు) వరసగా పెట్టి ఇనుప పలక మీద సుత్తితో కొట్టి అలల వేగం కొలవడం, ఇవి చేతితో చేస్తేనే వస్తాయి. మిగతా చాలా పని కంప్యూటర్ ముందే. ఆడపిల్లలు ఈ ఫీల్డ్‌లో చక్కగా చేస్తున్నారు, మీరు అడగాల్సింది కంపెనీ సైట్‌లో ఉండే ఏర్పాట్లు ఎలా ఉన్నాయని, అమ్మాయి చేయగలదా అని కాదు.

జియోసైంటిస్ట్ పరీక్ష సలహా మాత్రం మీకు సరిపోదు. యూపీఎస్సీ పెట్టే దానిలో జియోఫిజిసిస్ట్ పోస్టుకి ఫిజిక్స్‌లోనో జియోఫిజిక్స్‌లోనో పీజీ కావాలి, బీటెక్ సివిల్‌తో కుదరదు. మీ అమ్మాయికి దారి గేట్ (ఎంటెక్ ప్రవేశానికి రాసే పరీక్ష) సివిల్ పేపర్. ఐఐటీ రూర్కీలో 1960 నుంచి ఎర్త్‌క్వేక్ ఇంజినీరింగ్‌కి ప్రత్యేకంగా విభాగమే ఉంది, నా మొదటి ఓటు దానికే. దూరం అనుకుంటే ఎన్ఐటీ వరంగల్‌లో జియోటెక్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఎర్త్‌క్వేక్ ఇంజినీరింగ్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి. అణు విద్యుత్ కేంద్రాలు నడిపే ఎన్‌పీసీఐఎల్ లాంటి సంస్థలు కూడా సివిల్ వాళ్ళని గేట్ స్కోర్ మీద తీసుకుంటుంటాయి, కాబట్టి ఆ చదువు వృథా పోదు. రీసెర్చ్ వైపు మనసు పోతే భూభౌతిక పరిశోధనలు చేసే ఎన్‌జీఆర్ఐ హైదరాబాద్‌లోనే ఉంది.

ఈలోపు ఒక పని చేయమనండి. కాలేజీలో జియోటెక్ చెప్పే సార్‌నో మేడమ్‌నో అడిగి ఏదైనా పాత సాయిల్ రిపోర్ట్ తీసుకుని, పైన చెప్పిన లెక్క ఆ నేలకి కట్టి చూడమనండి. రెండు మూడు రిపోర్టులకి చేశాక కూడా ఇంకా కావాలనిపిస్తే ఎంటెక్‌కి పంపండి, విసుగొస్తే స్ట్రక్చర్స్ వైపు మళ్ళొచ్చు, ఇంకా టైమ్ ఉంది. గేట్ అప్లికేషన్లు మామూలుగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో, థర్డ్ ఇయర్ వాళ్ళు కూడా రాయొచ్చు కాబట్టి ఈసారే ఒకసారి రాయించండి.