పురిటి సెలవుకు పీహెచ్‌డీ మానేయాలా?

ప్రశ్న: కెమిస్ట్రీ పీహెచ్‌డీ, నాలుగో ఏడాది. నాకిప్పుడు మూడో నెల. మావారికి పుణె బదిలీ అయింది. అందరూ మానేయమంటున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మానేయకండమ్మా. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం గడువు అడ్మిషన్ తేదీ నుంచి 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో 8, మహిళలకు 10 దాకా పొడిగించవచ్చు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం కోర్సులో 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. ‘ఇవ్వవచ్చు’ అనే ఉంది కాబట్టి గైడ్‌గారి నోటిమాట మీద వెళ్లిపోకండి. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, తేదీలతో దరఖాస్తు పెట్టి, యూనివర్సిటీ ఉత్తర్వు కాగితం మీద తీసుకోండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: సెలవు రికార్డుకెక్కదు, గైర్హాజరని ఫెలోషిప్ ఆగుతుంది.

పుణెలోని యూనివర్సిటీకి మీ పరిశోధన డేటా బదిలీ చేసుకునే వీలు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. అయితే మీ పరిశోధన నిధులిచ్చే సంస్థ మంజూరు చేసిన ప్రాజెక్టులో భాగమైతే కుదరదు. ముందు అది తేల్చుకోండి. పాత గైడ్‌కు, సంస్థకు థీసిస్‌లో గుర్తింపు ఇవ్వాలి.

అన్నిటికన్నా ముందు, డైమిథైల్ ఫార్మమైడ్ లాంటి ద్రావణులతో పని ఈరోజే ఆపండి. అది గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. ఈ నెలల్లో స్పెక్ట్రాల (పరికరాలు ఇచ్చిన కొలతల గ్రాఫుల) విశ్లేషణ, అధ్యాయాల రాత పెట్టుకోండి.